అడుగుకి అరంగుళం

అచ్యుతరామయ్య వీపు గోడకి ఆనించి, మోకాళ్లు వంచుతూ నెమ్మదిగా కిందికి జారాడు. గోడ మీద పెన్సిలు గీత ఉంది. ఆ గీత ఆయనకి కనపడదు. నడినెత్తి గీత దగ్గరికి రాగానే తమ్ముడు గురునాథరావు భుజం మీద చెయ్యేసి ఆపాడు. అచ్యుతరామయ్య అలాగే సగం కూర్చున్నట్టు నిలబడి, కుడిచెయ్యి ముందుకి చాపి గాలిలో వెతికాడు. చెయ్యి చివరికి గడ్డం కింద ఒకచోట నిలిచింది.

“ఇక్కడికొచ్చేదిరా రెయిలింగు. గడ్డం ఆనించుకుని నీళ్లలోకి చూసేవోణ్ణి.”

గురునాథరావు నేల నుంచి టేపు పట్టి చూశాడు. మూడడుగుల పది అంగుళాలు. అన్నయ్యని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. చెవి మీది పెన్సిలు తీసి చెక్కముక్క మీద రాసుకున్నాడు. అడుగుకి అరంగుళం లెక్కన, రెండంగుళాలకి ఒక నూలు తక్కువ.

గోడ మీది గీత నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంది. పన్నెండేళ్ల పిల్లవాడి ఎత్తు. డెబ్భై అయిదేళ్ల అచ్యుతరామయ్యకి ఆ పడవ పన్నెండేళ్ల పిల్లవాడి ఒంటి కొలతల్లోనే గుర్తుంది. రెయిలింగు గడ్డం దాకా, బాయిలరు గది గుమ్మం తలపైన జానెడు, గొలుసులు నడుం దగ్గర. నిటారుగా నిలబడి చెప్తే తప్పులొస్తున్నాయని మూడోరోజు ఆయనే కనిపెట్టాడు. అప్పటినుంచి ఏ కొలత కావాలన్నా ఇలా గోడకి జారవలసిందే. పూటకి రెండుసార్లకంటే జారొద్దని, మోకాళ్లు పట్టేస్తాయని గురునాథరావు భార్య నాగమణి గట్టిగా చెప్పింది. ఆయన వినలేదు.

అది గోదావరి మీద తిరిగిన ఆవిరి పడవ. దాన్ని తోసే చక్రం పక్కన కాకుండా వెనక ఉండేది. వీళ్ల నాన్న కామరాజు దానికి ఇంజను డ్రైవరు. ఆయన ఆ చక్రంలోనే నలిగి చనిపోయేనాటికి గురునాథరావుకి మూడేళ్లు. నాన్న ఫొటో లేదు, పడవ ఫొటో కూడా లేదు. భార్య పోయాక, పిల్లలు లేని అచ్యుతరామయ్య నాలుగు నెలల క్రితం రాజమండ్రి నుంచి కూర్మన్నపాలెంలో తమ్ముడింటికి వచ్చేశాడు. నీటికాసుల జబ్బుతో అప్పటికే రెండు కళ్లూ పోయాయి. వరండాలో కుర్చీ వేసుకుని, స్టీల్‌ప్లాంటు షిఫ్టు బస్సులు ఎన్ని వెళ్లాయో లెక్కపెడుతూ కూర్చునేవాడు.

“బావగారికి ఏటైనా పని సెప్పండి. అలాగ కూకోబెట్టీసారంటే మనిసి పాడైపోతాడు,” అంది నాగమణి.

నాన్న పడవని చెక్కలో చిన్నదిగా చెయ్యాలని గురునాథరావుకి అప్పుడే తోచింది. ప్లాంటులో ముప్పై ఆరేళ్లు ప్యాటర్న్ షాపులో చేశాడు. ఇనుమూ ఉక్కూ ఏ ఆకారంలో పోతపోయాలన్నా, ముందు ఆ ఆకారాన్ని చెక్కలో చేసిచ్చేది వాళ్లే. రిటైరై ఆరేళ్లయినా ఉలులూ, చిత్రికలూ నూనె రాసి వెనక వరండాలో పెట్టుకున్నాడు. చల్లారాక లోహం కుంచించుకుపోతుంది కాబట్టి ప్రతి కొలతకీ కాస్త కలిపి చెయ్యడం చేతికి అలవాటు. ఆ కలుపు లెక్కన గీతలున్న పాత స్కేలుతోనే పడవ మొదటి రెండు పక్కటెముకలూ కోసి, పెద్దవయ్యాయని పారేసి, బజారులో మామూలు స్కేలు కొనుక్కొచ్చాడు.

పడవ ముప్పై రెండంగుళాలు వచ్చింది. అడుగుభాగం పళ్లెంలా చదును. గుమ్మడి టేకు పలకల్ని అట్టముక్క మందాన చిత్రిక పట్టి, వేణ్ణీళ్లలో నానబెట్టి వంచాడు. బాయిలరుకి ఇత్తడి గొట్టం, పొగగొట్టానికి పాత టీవీ ఏరియలు ముక్క. రోజూ సాయంత్రం ఆ రోజు చేసినదంతా అచ్యుతరామయ్య ఒళ్లో పెట్టేవాడు. ఆయన రెండుచేతుల వేళ్లతోనూ ముందు నుంచి వెనక్కి తడుముకుంటూ వెళ్లేవాడు. వేళ్లు ఆగాయంటే అక్కడ తప్పుందన్నమాట. రెయిలింగు స్తంభాలు ఇంకా దగ్గర దగ్గరగా ఉండాలి, బూడిద బుట్ట పెట్టే గూడు ఇటువైపు, నిచ్చెనకి మెట్లు ఆరు కాదు ఏడు. గురునాథరావు చెప్పింది చెప్పినట్టు విప్పి మళ్లీ చేసేవాడు. షాపులో కూడా ఇన్‌స్పెక్టరు ఇంత పట్టుగా చూసేవాడు కాదని నాగమణితో చెప్పి నవ్వాడు. చాలాకాలానికి అతను ఇష్టపడి చేస్తున్న పని అది. నాన్న ఎక్కిన మెట్లు తన వేళ్ల మధ్య ఒక్కొక్కటే నిలబడుతున్నాయి.

పన్నెండోరోజున బాయిలరు ముందు పొయ్యి తలుపు దగ్గరికి వచ్చారు. అక్కడ కట్టెలు వేసే మనిషి నిలబడే చోటు కాస్త పల్లంగా ఉండేదని అచ్యుతరామయ్య చెప్పాడు. ఎల్లారావు పొడుగరి కాబట్టి తల తగలకుండా నాన్నే ఆ పలకలు కిందికి దింపించాడన్నాడు.

గురునాథరావు చేతిలో ఉలి ఆగింది. వాడి చోటు కూడా కొలవాలా అని అడిగాడు. కొలవాలన్నాడు అచ్యుతరామయ్య.

ఎల్లారావు పేరు ఆ ఇంట్లో మామూలు గొంతుతో ఎవరూ పలకరు. చక్రానికి తాడు చుట్టుకుంటే, కామరాజు ఆవిరి కట్టేసి, ఆవిరి విడిచే పిడి దగ్గర ఎల్లారావుని కాపలా పెట్టి, కత్తి తీసుకుని చక్రంలోకి దిగాడు. ఎల్లారావు ఒళ్లు తెలియకుండా పిడి లాగాడు, చక్రం తిరిగింది. జనం పరుగెత్తుకొచ్చేసరికి వాడి చెయ్యి పిడి మీదే ఉంది. ఉద్యోగం పోయింది, ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. గురునాథరావు విన్న కథ ఇది. వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ ప్రతి తద్దినం నాడూ, విస్తళ్లు ఎత్తాక, పెరట్లోకి వెళ్లి ఆ మనిషి పేరు పెట్టి శాపాలు పెట్టి వచ్చేది.

ఎనభై మూడులో, గురునాథరావు ప్లాంటులో చేరిన మరుసటి ఏడు, ఎల్లారావుది ఈ ఊరేననీ, ఫిషింగ్ హార్బరులో ఐసు దిమ్మలు మోస్తున్నాడనీ ఎవరో చెప్పారు. ఆదివారం పొద్దున్నే వెళ్లాడు. భుజం మీద గోనెపట్టా వేసుకుని దిమ్మ మోసుకొస్తున్న మనిషిని పేరు పెట్టి పిలిచి, కామరాజు కొడుకునని చెప్పి, చెంప మీద కొట్టాడు. దిమ్మ కింద పడి ముక్కలైంది. ఆ మనిషి ఒక్క మాటా అనలేదు, పారిపోనూ లేదు. అలా నిలబడి ఉన్నందుకు రెండోసారీ కొట్టాడు. ఆ రాత్రే అమ్మకి ఉత్తరం రాశాడు. చదువురాని అమ్మకి దాన్ని చదివి వినిపించింది అచ్యుతరామయ్యే.

గురునాథరావు పొయ్యి ముందు పలకల్ని నూలు లోతుకి దింపి జిగురు పెట్టాడు.

*

ఇంజను దగ్గరికి వచ్చేసరికి పని నెమ్మదించింది.

చక్రాన్ని గురునాథరావు విడిగా చేసి పెట్టుకున్నాడు. అయిదంగుళాల చక్రం, పన్నెండు రెక్కలు, రెక్కకి రెక్కకి మధ్య, అసలు చక్రంలో అయితే మనిషి పట్టేంత ఖాళీ. రెక్కలు పన్నెండని అచ్యుతరామయ్య ఆలోచించకుండా చెప్పాడు. చక్రం ఇరుసుకి రెండుపక్కలా పొడుగాటి కడ్డీలు, ఆ కడ్డీలని తోసే సిలిండర్లు, వాటికి బాయిలరు నుంచి నేల మీదుగా వచ్చే ఆవిరి గొట్టం. ఇత్తడి తీగతో, గ్యాస్ స్టవ్ బర్నరు ముక్కలతో అన్నీ అమర్చాడు. కాని ఆవిరి విడిచే, కట్టే పిడి ఎక్కడుండేదో అచ్యుతరామయ్య చెప్పలేదు. ఉండేదేమో, గుర్తు లేదన్నాడు. మర్నాడు అడిగితే మోకాళ్లు నొప్పి, గోడకి జారలేనన్నాడు. ఆ మర్నాడు కొలత ఏం అక్కర్లేదు, ఎడమపక్కో కుడిపక్కో చెప్పమంటే షిఫ్టు బస్సు వెళ్లిందా అని అడిగాడు.

బూడిద బుట్ట గూడు గుర్తున్న మనిషికి పిడి గుర్తు లేకపోవడం గురునాథరావుకి వింతగా అనిపించింది. నాన్న పోయింది దానివల్లే కాబట్టి మనసు ఒప్పడంలేదేమోననుకున్నాడు. ఇంక అడగడం మానేసి, ఇంజనులో ఎక్కడుంటే డ్రైవరుకి వీలో ఆలోచించి, గొట్టానికి ఎడమవైపు ఒక పిడి పెట్టాడు. గుండుసూదిని వంచి, తలని ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, ముందుకీ వెనక్కీ కదిలేలా బిగించాడు.

ఆ సాయంత్రం నాగమణి వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. అచ్యుతరామయ్య పడవని ఒళ్లో పెట్టుకుని ఎప్పటిలాగే ముందునుంచి తడుముకుంటూ వచ్చాడు. పొయ్యి, బాయిలరు, గొట్టం. కుడిచేతి చూపుడువేలు పిడికి తగిలింది. వేలు అక్కడే ఉండిపోయింది. గురునాథరావు చూస్తున్నాడు. అన్నయ్య వేలు పిడి పక్కనుంచి గొట్టం దాటి అవతలికి వెళ్లి, ఉత్త పలక మీద ఒకచోట నొక్కిపెట్టింది.

“ఇటురా,” అన్నాడు అచ్యుతరామయ్య. “కుడివైపు. నా భుజం ఎత్తుకొచ్చేది.”

గురునాథరావు పెన్సిలుతో అక్కడ గుర్తు పెట్టబోయాడు. అన్నయ్య వేలు తియ్యలేదు.

“రోజూ పడవ బయల్దేరేటప్పుడు నాన్న నాచేత లాగించేవోడు. నేను పిడి పట్టుకుని నిలబడితే, ఆయన అటుపక్కకి వెళ్లి అన్నీ చూసుకుని, లాగరా అనేవోడు. నేను లాగేవోణ్ణి.”

నాగమణి చిక్కుడుకాయలు వదిలేసి చూస్తోంది. అచ్యుతరామయ్య మళ్లీ మొదలుపెట్టినప్పుడు గొంతు మామూలుగానే ఉంది, కొలతలు చెప్పేటప్పటిలాగే. ఆ రోజు పడవ ఆగిపోయేసరికి బాయిలరులో ఆవిరి ఎక్కువై పైన చిమ్మడం మొదలుపెట్టిందట. పొయ్యిలో నిప్పు లాగెయ్యకపోతే ప్రమాదమని ఎల్లారావు ముందుకి పరుగెత్తాడు. పరుగెత్తబోతూ, ఇక్కడే ఉండు బాబూ, దేన్నీ ముట్టుకోకు అని చెప్పి మరీ వెళ్లాడు. ఆవిరి చప్పుడు చెవులు బద్దలయ్యేట్టు ఉంది. నాన్న చక్రంలో ఉన్నాడు. వీపు మాత్రం కనిపిస్తోంది.

“నాన్న అరిచాడు. లాగరా అన్నాడు.”

గురునాథరావు పెన్సిలు కింద పెట్టాడు.

“నేను లాగాను. తాడు లాగమన్నాడురా ఆయన. కోసిన తాడు చివర నా కాళ్ల దగ్గరే పడుంది. తర్వాత చూశాను.”

ఎల్లారావు వెనక్కి పరుగెత్తుకొచ్చి పిడి తోసేసి, అలాగే పట్టుకుని నిలబడ్డాడట. అప్పటికే జనం వచ్చేశారు. ఏం జరిగిందని అడిగితే, డ్రైవరు ఇక్కడుండమన్నాడు, నేను చోటు వదిలి వెళ్లాను అన్నాడట. విచారణలో కూడా అంతే చెప్పాడు. పిడి తను లాగలేదని గాని, పక్కన పిల్లవాడున్నాడని గాని ఎవరికీ చెప్పలేదు. పిల్లవాడూ చెప్పలేదు.

నాగమణి లేచివచ్చి బావగారి ఒళ్లోంచి పడవ తీసి బల్ల మీద పెట్టింది. అది పడిపోతుందేమోనని ఆమె భయం. గురునాథరావు తన చేతులకేసి చూసుకుంటున్నాడు. వేళ్లకి జిగురు ఎండి తెల్లగా పొరలు లేస్తోంది. ఆ పొరలు ఒక్కొక్కటే గోటితో తీస్తూ, తలెత్తకుండా అన్నాడు:

“నేను వాణ్ణి కొట్టొచ్చానని రాస్తే, ఆ ఉత్తరం అమ్మకి చదివింది నువ్వే.”

“నేనే.”

“అప్పుడైనా చెప్పలేదు.”

“చెప్పలేదురా. అమ్మ ఆ రోజు నవ్వింది. నాన్న పోయాక ఆవిడ నవ్వగా అదే చూడ్డం.”

*

మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. గురునాథరావు పని మాత్రం ఆపలేదు. ఆపితే ఎదురెదురుగా కూర్చోవాలి. ఎడమవైపు పిడి ఊడదీసి, ఆ కన్నాన్ని చెక్కపొడీ జిగురూ కలిపి పూడ్చి, ఎమరీ కాగితంతో రుద్దాడు. కుడివైపు కొత్త పిడి బిగించాడు. దాని ఎత్తు ఎంతో గోడ మీది గీత దగ్గరికి వెళ్లి తనే మోకాళ్లు వంచి, భుజం దగ్గర చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చక్రాన్ని ఇరుసుకెక్కించాడు. వేలితో తోస్తే రెక్కలు చప్పుడు లేకుండా తిరిగాయి. ఒకసారి తిప్పి, మళ్లీ తిప్పలేదు. రంగు కూడా వేశాడు. ఏ రంగో అడగవలసి వచ్చినప్పుడు నాగమణి చేత అడిగించాడు. కింద ఎరుపు, పైన తెలుపు, పొగగొట్టం నలుపు అని ఆమే వచ్చి చెప్పింది.

అన్నయ్య మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు. అది రావడానికి అడ్డం ఏమీ లేదు. అమ్మ అన్నేళ్లు ఎవరిని తిట్టిందో తలుచుకుంటే చాలు. కాని కోపం వచ్చినట్టే వచ్చి, గోడకి జారి చెయ్యి చాపిన ముసలివాడి దగ్గర ఆగిపోయేది. అక్కడనుంచి హార్బరు సిమెంటు నేల మీద పగిలిన ఐసు ముక్కల దగ్గరికి వెళ్లేది. రెండోసారి ఎందుకు కొట్టాడో అతను ఎవరికీ చెప్పలేదు. ఉత్తరంలో కూడా రాయలేదు. ఒక్క దెబ్బ అనే రాశాడు.

నాలుగోరోజు పొద్దున్న కాఫీ ఇస్తూ నాగమణి కదిపింది. పడవ అయిపోయింది కదా, ఇంక దాన్ని పట్టుకుని దేవులాడడం దేనికంది.

“ఆ ఎల్లారావు ఉన్నాడో నేడో ఓపాలి ఎల్లి సూసి రండి. నేకపోతే ఆళ్లోల్లు ఎవులైనా ఉంతారు కదా.”

లోపలి గదిలోంచి అచ్యుతరామయ్య చొక్కా ఇమ్మని అడిగాడు. ఇప్పుడే కాదు, రేపు పొద్దున్నే వెళ్తే మనుషులు దొరుకుతారని నాగమణి చెప్పాల్సివచ్చింది. పడవ కూడా పట్టుకెళ్దామా అని ఆయన అడిగాడు. అది వాళ్లేం చేసుకుంటారని, వద్దంది ఆమె.

*

మర్నాడు తెలతెలవారుతుంటే అన్నదమ్ములిద్దరూ హార్బరు దగ్గర ఆటో దిగారు. బోట్లు అప్పటికే వచ్చేశాయి. ఐసు పొడిచేసే మిషను హోరులో వేలం పాటలు సగమే వినపడుతున్నాయి. తడి నేల మీద చేప పొలుసులు జారుతున్నాయి. అచ్యుతరామయ్య తమ్ముడి భుజం పట్టుకుని, ప్రతి అడుగూ ముందు కాలితో తడిమి వేస్తున్నాడు. ఏ మాత్రం పల్లం వచ్చినా చెయ్యి బిగుసుకునేది.

ఐసు ప్లాంటు పేరు మారింది గాని గోడ అదే. అక్కడి మేస్త్రీకి ఎల్లారావు ఎవరో తెలియలేదు. లోపలినుంచి ఇంకో పెద్దాయన వచ్చి, పొడుగు ఎల్లారావా అని అడిగి, ఆయన పోయి చాలా ఏళ్లయిందనీ, కూతురు చిట్టమ్మ ఆ షెడ్డు చివర ఉంటుందనీ చెయ్యి చూపించాడు.

చిట్టమ్మకి అరవై ఉంటాయి. తండ్రిలాగే పొడుగు మనిషి. గోనె మీద కూర్చుని కవళ్ల చేపలు ఏరుతోంది. మంచివి గంపలోకి, చితికినవి పక్కన గుట్టలోకి. బేరానికొచ్చారనుకుని తలెత్తింది. అచ్యుతరామయ్య తడుముకుంటూ ఆమె ఎదురుగా తడినేల మీదే చతికిలబడ్డాడు. పంచె తడిసిపోతోందని గురునాథరావు లేపబోతే చెయ్యి విదిలించుకున్నాడు. తానెవరో, ఎవరి కొడుకో చెప్పాడు. పిడి లాగింది తనేనని చెప్పాడు. ఇంట్లో చెప్పినంతసేపు కూడా పట్టలేదు.

చిట్టమ్మ చేతులు ఆగలేదు. చేపలు ఏరుతూనే వింది.

“తెలుసండి,” అంది. “మా అయ్య సెప్పినాడు.”

అచ్యుతరామయ్య ముఖం ఆమె గొంతు వచ్చినవైపు తిరిగి ఉండిపోయింది.

వాళ్లయ్య ఎలా ఉండేవాడో ఆమె అడక్కుండానే చెప్పింది. జైలు నుంచి వచ్చాక మళ్లీ ఏ ఇంజను దగ్గరా పని దొరకలేదట. దిమ్మలు మోసి మోసి భుజం ఒకవైపు ఒరిగిపోయిందట. తాగేవాడు. తాగినప్పుడు ఆ పిల్లవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టేవాడు. తెల్లారాక మళ్లీ మామూలే.

“ఆడు పెద్దోడయ్యేక ఓపాలి ఒత్తాడే, అనీవోడు. బతికున్నన్నాలూ అదే మాట. ఏల రావాల, ఒచ్చి ఏటి సేత్తాడు అని మాయమ్మ అడిగీది. ఏటీ సెయ్యక్కర్నేదు, ఒత్తే సాలు అనీవోడు. ఎదురు సూసినాడండి. పోయి ఇరవయ్యేడేల్లయిపోనాది.”

అచ్యుతరామయ్య రెండు చేతులూ జోడించాడు. ఆమె ఎక్కడుందో సరిగ్గా తెలియక చేతులు కాస్త పక్కకి వెళ్లాయి. చిట్టమ్మ చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ జోడించిన చేతులు పట్టుకుని కిందికి దింపింది.

“ఊరుకో బావూ. పన్నెండేల్ల పిల్లడివి. నీకేటి తెలుసు. నాకు నీమీద కోపం నేదు.”

ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. ముసలివాళ్ల ఏడుపు, గొంతు బయటికి రాకుండా. చిట్టమ్మ ఆయన్ని అలా వదిలేసి, అంతవరకూ నిలబడే ఉన్న గురునాథరావుకేసి మొదటిసారి సరిగ్గా చూసింది. కాళ్ల నుంచి ముఖం దాకా చూసింది.

“ఐసు ప్లాంటు కాడ కొట్టినోడివి నువ్వే కదా.”

నేనేనన్నాడు గురునాథరావు.

“నానప్పుడు మా అయ్యకి గంజి కేరేజీ తెచ్చినాను. ఆ గోడ కాడ నిలబడి సూసినాను. రెండుపాల్లు కొట్టినావు.”

ఆ రోజు గోడ దగ్గర ఒక పిల్ల ఉన్నట్టు గురునాథరావుకి గుర్తు లేదు. గుర్తు తెచ్చుకోవడానికి గోడవైపు చూశాడు. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ డబ్బాలు పేర్చి ఉన్నాయి.

“ఆ పూట మా అయ్య గంజి తాగనేదు. నువ్వెందుకు తిరిగి కొట్టనేదని ఏడిసినాను నాను. ఆడికి తండ్రి నేడు కదే, అన్నాడు.”

గురునాథరావు ఏదో అనబోయాడు. నాకు తెలియదమ్మా అన్నట్టున్నాడు. మిషను హోరులో అతనికే సరిగ్గా వినపడలేదు. చిట్టమ్మకి వినపడింది.

“తెలీదు. అడిగినావా? అడిగితే సెప్పీవోడేమో. ఈ పెద్దబాబు అప్పటికి సిన్నపిల్లడు. నువ్వు కావు.”

గొంతు పెంచలేదు. ఆ మాట అనేసి, ఏరడం అయిపోయినట్టు చితికిన చేపల గుట్టని గోనెలోకి తోసింది. లేచి నడుం పట్టుకుని నిలబడి, గుడ్డ చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. షెడ్డులో ఎవరి పనిలో వాళ్లున్నారు. రోజూ గంప ఎత్తే మనిషి వేలం దగ్గరున్నట్టుంది.

“గంప ఎత్తు,” అంది గురునాథరావుతో.

అతను వంగి రెండు చేతులతో గంప అంచులు పట్టుకున్నాడు. అనుకున్నదానికంటే బరువుంది. మోకాళ్ల మీదికి తెచ్చుకుని, అక్కడనుంచి ఛాతీ దాకా ఎత్తి, ఆగాడు. చిట్టమ్మ తనే కాస్త వంగి తల కిందికి చేర్చింది. చేప నీళ్లు అతని మోచేతుల మీదుగా చొక్కాలోకి కారాయి. గంప నెత్తిన కుదిరేదాకా పట్టుకుని ఉండమంది. కుదిరాక వదలమంది. అతను వదిలాడు. ఆమె వెనక్కి చూడకుండా ఐసు బళ్ల మధ్యనుంచి రోడ్డువైపు వెళ్లిపోయింది. ఆమె నడక చాలా దూరం దాకా కనిపిస్తూనే ఉంది, మనిషి పొడుగు కాబట్టి.

గురునాథరావు అన్నయ్య చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టాడు. తడిసిన పంచెని పిండాడు. అచ్యుతరామయ్య తమ్ముడి భుజం కోసం గాలిలో వెతికి పట్టుకున్నాడు.

“వెళ్లిపోయిందా?”

“వెళ్లిపోయింది.”

కొంతదూరం నడిచాక అచ్యుతరామయ్య మళ్లీ ఆగాడు. ముఖం ఇంకా తడిగానే ఉంది.

“కోపం లేదందిరా,” అన్నాడు.

“నీ మీద లేదు అన్నయ్యా,” అన్నాడు గురునాథరావు.